మచ్చల గుర్రంలో తెలుపెవరిది?

మల్లెకోన అనే ఒకానొక రాజ్యంలో మంత్రుల కంటే గుర్రాలకే బిరుదులు ఎక్కువగా ఉండేవి. ఆ రాజ్యాన్ని ఏలే రణధీర భూపతికి గుర్రాలంటే అంత పిచ్చి. అయితే ఆయన శాలలో ఉన్నవన్నీ ఒకే రంగు గుర్రాలు. తెల్లదైతే శంఖంలా ఉండాలి, నల్లదైతే కాటుకలా ఉండాలి. ఎక్కడైనా చిన్న మచ్చ కనబడితే ఆ పూటే దాన్ని శాలలోంచి బయటికి తోలించేవాడు. అందులోనూ తెల్లగుర్రం సంగతిలో ఆయనకు మరీ పట్టింపు. ఆ రాజ్యంలో తెల్లగుర్రం రాజుదే, ఎక్కే హక్కూ రాజుదే. అది తాతలనాటి కట్టుబాటు.

ఆయన కొలువులో ఓబన్న అని ఒక చమత్కారి ఉండేవాడు. రాజుకు విసుగు పుట్టినప్పుడు నవ్వించడం, రాజుకు కోపం వచ్చినప్పుడు పక్కవాళ్ళను కాపాడడం అతని ఉద్యోగం. నడివయసు దాటింది. కుడి మోకాలు పట్టేసి, కోట మెట్లెక్కేసరికి అతని ప్రాణం కడబట్టేది.

ఏటా చలికాలం పోగానే పడమటి దేశం నుంచి గుర్రాల బేహారులు వచ్చి కోట కింద మైదానంలో డేరాలు వేసేవారు. ఆ ఏడు కూడా వచ్చారు. రాజు పరివారంతో వెళ్ళి గుర్రాలను చూసి, నల్లవి కొన్ని ఏరుకున్నాడు. తిరిగి వస్తూ ఉండగా చివరి గుంజకు కట్టి ఉన్న ఒక ఆడగుర్రం కంటబడింది. జేగురు రంగు ఒళ్ళు, దాని మీద పెద్ద పెద్ద తెల్లమచ్చలు. నాలుగు కాళ్ళూ తెలుపే. ముఖం మాత్రం ఒక పక్క తెలుపు, ఒక పక్క ఎరుపు.

రాజు ఆగి దాన్ని ఎగాదిగా చూశాడు.

"ఇదేమిటి? గోడకు సున్నం వేస్తూ వేస్తూ, పనివాడు సగంలో అలిగి వెళ్ళిపోయినట్టుంది" అన్నాడు.

పరివారమంతా రాజు కంటే గట్టిగా నవ్వారు. నవ్వడమే ఉద్యోగమైన ఓబన్న మాత్రం నవ్వలేదు. కుంటుకుంటూ ఆ గుర్రం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. అది మెడ చాచి అతని పైపంచె వాసన చూసి, ముక్కులోంచి వెచ్చటి గాలి వదిలింది.

"దీని సంగతేమిటి?" అని బేహారిని అడిగాడు.

"మంచి జాతిదే అయ్యా, మనసూ మంచిదే. మచ్చలు చూసి ఎవరూ కొనలేదు. తిరుగు దారిలో దీనికి మేత పెట్టే ఓపిక నాకు లేదు. ఎక్కడో అడవి పక్కన వదిలేసి పోతాను" అన్నాడు బేహారి.

ఓబన్న తన భుజం మీది పట్టుశాలువా తీసి అతని చేతిలో పెట్టి, గుర్రం పగ్గం పట్టుకున్నాడు. అది దసరా కొలువులో రాజు స్వయంగా కప్పిన శాలువా.

రాజు ముఖంలో నవ్వు పోయింది. "నేనిచ్చిన శాలువా ఇచ్చి, నేను వద్దన్న గుర్రాన్ని కొన్నావా ఓబన్నా?"

"చిత్తం ప్రభూ. శాలువా కప్పుకున్నా నా మోకాలు నడవనంటోంది. గుర్రముంటే కాస్త చలివేసినా ఇల్లు చేరతాను" అన్నాడు ఓబన్న.

రాజు పైకి నవ్వేశాడు గాని, ఆ మాట ఆయన మనసులో నాటుకుపోయింది.

ఓబన్న గుర్రాన్ని ఇంటికి తోలుకువస్తే అతని భార్య నాగమ్మ గడపలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత రెండో పూటే సణుగుడు మొదలుపెట్టింది.

"ఏమయ్యా, కాపురానికొచ్చిన నాటి నుంచీ నా జడ ఒక్కనాడైనా ముట్టావా? దాని జూలుకు మాత్రం తెల్లారకముందే దువ్వెన తయారు."

"రా, నీకూ దువ్వుతాను."

"ఇప్పుడు దువ్వడానికి ఏం మిగిలిందని?" అని నాగమ్మ లోపలికి పోయింది. కాని పెరట్లోకి వచ్చినప్పుడల్లా ఉడికిన ఉలవలు ఒక గుప్పెడు దాని నోటికి అందించేది. చుక్కి అని పేరు పెట్టింది కూడా ఆవిడే.

చుక్కి తొందరలోనే ఊరందరికీ చుట్టమైపోయింది. ఓబన్న దాన్ని కట్టేసేవాడు కాదు. కోట వాకిట్లో వదిలి కొలువుకు పోయేవాడు. అది అక్కడే నిలబడి, సభామంటపం వైపు చెవులు నిక్కించి ఎదురుచూసేది. లోపలి నుంచి ఎందరు వచ్చినా తల తిప్పేది కాదు. ఓబన్న కుంటి అడుగుల చప్పుడు వినబడిందంటే మాత్రం సన్నగా సకిలించి ఎదురువచ్చేది. వాకిట్లో పువ్వులమ్మే ఆడవాళ్ళు ఆ చోద్యం చూడడానికే బేరాలు ఆపుకుని కూర్చునేవాళ్ళు.

ఒకరోజు ఆ దృశ్యం మేడ మీది నుంచి రాజు కంటబడింది. పక్కనే పట్టపురాణి ఉంది.

"ఎంత ముచ్చటగా ఉందో చూశారా? మీ ధవళకీర్తి ఎప్పుడైనా మీ వంక అలా చూసిందా?" అంది రాణి.

ధవళకీర్తి రాజు పట్టపు గుర్రం. పాలనురుగు లాంటి తెలుపు, బంగారు కళ్లెం, సేవకు ఒక పటాలం. రాజు నేరుగా శాలకు వెళ్ళి దాని ముందు నిలబడ్డాడు. అది ఆయన చేతిలోని బెల్లం ముక్క అందుకుని, గోడ వైపు తిరిగి నమిలింది.

ఆ రోజు నుంచి రాజుకు అన్నం రుచించలేదు. మచ్చల గుర్రం ఎంత అందవికారమో అందరికీ చెప్పేవాడు. కొలువులో ఎవరైనా దాని ఊసెత్తితే మాట మార్చేవాడు. ఊసెత్తకపోతే తనే ఎత్తేవాడు. కవులు పద్యాలు చదువుతుంటే, సింహాసనం మీద కూర్చున్న ఆయన చెవులు మాత్రం వాకిట్లో సకిలింపు కోసం కాచుకుని ఉండేవి. గుర్రం కావాలని కాదు ఆయన బాధ. ఆయన శాలలో కావలసినన్ని గుర్రాలున్నాయి. ఒక కుంటి విదూషకుడి కోసం ఒక ప్రాణి అలా ఎదురుచూడడమేమిటి, సార్వభౌముడైన తన కోసం ఒక్కటీ చూడకపోవడమేమిటి? అదీ ఆయన బాధ.

ఒక ఉదయం, వాకిట్లో ఎవరూ లేరనుకుని చుక్కి దగ్గరికి వెళ్ళాడు. అరచేతిలో బెల్లం పెట్టి, "దా, దా" అన్నాడు. చుక్కి ఆ చేతిని వాసన చూసింది. తల తిప్పి సభామంటపం వైపు చూస్తూ నిలబడింది. రాజు వెనక్కి తిరిగేసరికి, కావలి భటుడు ఆకాశంలో పక్షులను లెక్కపెడుతున్నాడు.

ఆ పూటే ఆస్థాన పండితుడు విరూపాక్ష భట్టుకు పిలుపు వచ్చింది. భట్టుకు ఓబన్నంటే ఎప్పటి నుంచో కడుపుమంట. తాను గొంతు చించుకుని శ్లోకాలు చదివినా తల ఊపని రాజు, ఓబన్న నోరు తెరిస్తే చాలు నవ్వుతాడని.

"భట్టుగారూ, ఆ గుర్రం నా శాలకు రావాలి. నేను అడిగినట్టు ఉండకూడదు. లాక్కున్నట్టూ ఉండకూడదు" అన్నాడు రాజు.

భట్టు పిలక ముడి సవరించుకున్నాడు. "మహాప్రభూ, తెల్లగుర్రం తమది గదా. ఆ గుర్రంలో సగం తెలుపే. ఆ తెలుపు తమది కాక ఎవరిది?"

రాజు ముఖం వికసించింది. అంతలోనే వాడిపోయింది. "ఓబన్న గుర్రం కోసమే ఈ చట్టం చేశానని జనం అనుకుంటే?"

"అలా అనుకోకుండా విశాలంగా చాటిద్దాం. మల్లెకోన రాజ్యంలో ప్రాణమున్న దేని ఒంటి మీద తెలుపు పుట్టినా, ఆ తెలుపు రాజుగారి సొత్తు. రాజాజ్ఞ లేనిదే ఎవరూ దాన్ని ముట్టరాదు, మరుగుపరచరాదు. ఇందులో గుర్రం పేరే లేదు, చూశారా?"

మర్నాడు దండోరా వేశారు. తప్పెట మోత ఇంకా చల్లారకముందే భటులు ఓబన్న ఇంటికి వచ్చారు.

"గుర్రంలో ఎరుపు నీదేనటయ్యా. దాన్ని విడదీసుకోగలిగిన నాడు వచ్చి పట్టుకుపొమ్మన్నారు" అని, ముఖాలు దించుకుని చెప్పారు.

ఓబన్న చుక్కి మెడ నిమిరి పగ్గం వాళ్ళ చేతికిచ్చాడు. వీధి మలుపు దాకా అది వెనక్కి తిరిగి చూస్తూనే పోయింది. మలుపు తిరిగాక కూడా సకిలింపు వినబడుతూనే ఉంది. నాగమ్మ పొయ్యి మీది ఉలవల కుండ దించి, దాని ముందే కూర్చుని కళ్ళు తుడుచుకుంది.

"ఊళ్ళో అందరినీ నవ్విస్తావు గదా. పోయి ఆ మహారాజును కూడా నవ్వించి మన చుక్కిని తీసుకురా" అంది.

"ఈసారి నవ్వించడం కాదే. ఆయన చెప్పింది చెప్పినట్టు చెయ్యాలి, అంతే" అన్నాడు ఓబన్న. అలా అని చేతికర్ర తీసుకుని, మంగలి లింగయ్య కొట్టు వైపు నడిచాడు.

రాజశాలలో చుక్కికి వెండి తొట్టిలో దాణా పెట్టారు. అది ముట్టలేదు. రాజు స్వయంగా పెట్టినా ముట్టలేదు. ఆయన పొద్దున్నే లేచి శాలకే వెళ్ళేవాడు. రాజ్యకార్యాలు వదిలేశాడు, అలంకారాలు మానేశాడు. బుజ్జగించాడు, కసిరాడు, మళ్ళీ బుజ్జగించాడు. అది గుమ్మం వైపే చూస్తూ ఉంది. తెచ్చుకున్న తర్వాత అసూయ తగ్గుతుందనుకున్నాడు గాని, తగ్గలేదు. చుక్కి ఆయన కళ్ళెదుటే వెండి తొట్టి దగ్గర నిలబడి రోజురోజుకీ చిక్కిపోతోంది.

ఇంతలో పెద్దకొలువు రోజు వచ్చింది. రాజు విసుగ్గా వచ్చి కూర్చున్నాడు. తెర వెనక రాణి తన పరివారంతో కూర్చుంది. సభ మొదలవుతూ ఉండగా విరూపాక్ష భట్టు తలకు కండువా చుట్టుకుని రొప్పుతూ వచ్చాడు.

"మహాప్రభూ, ఘోరం జరిగింది" అని కండువా తీశాడు.

భట్టు తల ముందు సగం నెరిసింది, వెనక సగం మొన్నటిదాకా నలుపే. ఆ వెనక సగం నున్నగా గొరిగి ఉంది, పిలకతో సహా. ముందు సగం మాత్రం పెరిగిన మేర అలాగే నిలబడి ఉంది. బుగ్గల మీద కూడా నల్లవి పోయి తెల్లవి మిగిలాయి.

"ఎవరు చేశారిది?" అన్నాడు రాజు, పెదవి కొరుక్కుంటూ.

లింగయ్య చేతులు కట్టుకుని ముందుకు వచ్చాడు. "నేనే ప్రభూ. నల్లవి పంతులుగారివి, తీశాను. తెల్లవి ఏలినవారివి. వాటి మీద కత్తి పెట్టడానికి నాకెన్ని తలలున్నాయి?"

రాజు ఇంకా మాట్లాడకముందే వాకిలి వైపు నుంచి కలకలం వినబడింది. ఓబన్న ముందు నడుస్తున్నాడు. అతని వెనక ఊళ్ళో ముసలివాళ్ళందరూ వస్తున్నారు. జుట్టు విరబోసుకున్న అవ్వలు, గడ్డాలు పెరిగిన తాతలు, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మెల్లగా సభలోకి వచ్చి నిలబడ్డారు.

"ఏమిటీ సంత?" అన్నాడు రాజు.

"తమ సొత్తు తీసుకొచ్చాం ప్రభూ" అన్నాడు ఓబన్న. "వీళ్ళ నెత్తిన ఉన్న తెలుపంతా తమదే. ఇన్నాళ్ళూ తెలియక సొంతమనుకుని దువ్వుకున్నారు, ముడివేసుకున్నారు. దండోరా విన్నాక ఎవరూ ముట్టడం లేదు. ఈ అవ్వ తలకు నూనె లేక దురద పుడుతోందట. తమ జుట్టు గనక తమరే ఎవరినైనా పంపి గోకించాలని మనవి."

అవ్వ అవునన్నట్టు తల ఊపింది. సభలో అక్కడక్కడా దగ్గులు వినబడ్డాయి. నవ్వు ఆపుకునేవాళ్ళు దగ్గే దగ్గులు.

"నేను చెప్పింది గుర్రాల సంగతి" అన్నాడు రాజు.

"దండోరాలో గుర్రమనే మాట లేదు ప్రభూ. భట్టుగారు చాలా జాగ్రత్తగా రాశారు" అన్నాడు ఓబన్న.

రాజు భట్టు వంక చూశాడు. భట్టు మళ్ళీ కండువా చుట్టుకుంటున్నాడు.

"సరే. వీళ్ళందరి తెలుపూ వీళ్ళకే వదిలేశాను. తీసుకుపోండి" అన్నాడు రాజు.

"ప్రభువుల దయ. అయితే ఇంకొక్క ఫిర్యాదు ఉంది. వీళ్ళు పాపం తమ సొత్తును దాచలేదు. ఈ రాజ్యంలో ఒకాయన మాత్రం రాజుగారి తెలుపు మీద దొంగచాటుగా నల్లరంగు పూసి, అది తన నలుపే అని అందరినీ నమ్మిస్తున్నాడు."

చాలా రోజుల తర్వాత రాజుకు కోపం తీర్చుకోవడానికి ఒక మనిషి దొరికినట్టయింది. నిటారుగా కూర్చున్నాడు.

"నా సొత్తును మరుగుపరిచే ధైర్యం ఎవడికి? పేరు చెప్పు."

"పెద్దమనిషి ప్రభూ. పేరు చెప్పాక శిక్ష తగ్గిస్తారేమోనని భయం."

"ఎంతటివాడైనా సరే, తగ్గదు. వినండి. వాడు తన దగ్గర పరాయి సొత్తు ఏదుంటే అది తన చేత్తో పట్టుకొచ్చి, అందరూ చూస్తుండగా సొంతదారుకు అప్పగించాలి. ఇదే నా తీర్పు" అన్నాడు రాజు.

ఓబన్న కర్ర ఊతంతో నాలుగడుగులు ముందుకు వేసి, సింహాసనం దగ్గరగా వచ్చి తలవంచాడు.

"ప్రభూ, తమరు చుక్కి బెంగలో పడి ఈ మధ్య గడ్డానికి నల్లరంగు కోసం నీలాకు ముద్ద పట్టించడం మరిచిపోయారు. తమ గడ్డం మొదట్లో తెలుపు, కొసల్లో నలుపు. ఆ తెలుపు తమది, ఎవరూ కాదనరు. ఆ నలుపు మాత్రం ఎవరిదో తమరే సెలవియ్యాలి."

రాజు చెయ్యి తనకు తెలియకుండానే గడ్డం మీదికి పోయింది. ఆయన గడ్డానికి రంగు పూస్తారన్న సంగతి కోటలో గోడలకు కూడా తెలుసు. కాని ఇంతవరకూ పైకి అన్నవాళ్ళు లేరు. భటులు నేల చూపులు చూస్తున్నారు. మంత్రి తన ఉంగరం తిప్పుకుంటున్నాడు. ఓబన్న మెడ మీద చెమట కారుతోంది. ఆ క్షణం ఆ తల ఉంటుందో ఊడుతుందో అతనికే తెలియదు.

అప్పుడు తెర వెనక నుంచి నవ్వు వినబడింది. రాణి నవ్వు. ముందు మెల్లగా మొదలై, ఇక ఆపుకోలేక గలగలమంది. "మీరు కూడా మచ్చలవారేనండీ" అని ఆవిడ తెర అవతలి నుంచే అంది.

రాజు పెదవులు బిగించి చూశాడు. బిగువు నిలవలేదు. బొజ్జ కదిలింది, భుజాలు కదిలాయి. చివరికి సింహాసనం చేతులు పట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళు వచ్చేలా నవ్వాడు. అవ్వలూ నవ్వారు, భటులూ నవ్వారు. భట్టు కూడా నవ్వకపోతే బాగుండదని నవ్వాడు.

నవ్వు ఆగాక రాజు లేచాడు. ఎవరినీ పిలవకుండా తానే శాలకు వెళ్ళి, చుక్కి పగ్గం పట్టుకుని వాకిట్లోకి నడిపించుకు వచ్చాడు. ఓబన్న అడుగు చప్పుడు వినగానే అది పగ్గం విడిపించుకుని పరుగెత్తింది. రాజు ఆపలేదు.

"తీర్పు అమలైంది. దండోరా రద్దు" అన్నాడు. "ఓబన్నా, ఇవాళ్టి నుంచి నువ్వు ఈ గుర్రమెక్కి సభామంటపం గడప దాకా రావచ్చు. ఇంతవరకూ ఆ మర్యాద ఎవరికీ ఇవ్వలేదు. దీని దాణా కూడా నా శాల నుంచే వస్తుంది." తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "ఒక్క మాట నిజం చెప్పు. ఇది నా దగ్గరికి ఎందుకు రాదు?"

ఓబన్న కొంచెం ఆలోచించాడు. "తమరు వచ్చినప్పుడల్లా దాన్ని గెలవడానికి వచ్చారు ప్రభూ. గుర్రాలకు అది తెలిసిపోతుంది. ఒకసారి పనేమీ లేకుండా వచ్చి చూడండి."

ఆ తర్వాత ఉదయం పూట ఓబన్న కొలువుకు రాగానే, రాజు ఊరికే వాకిట్లోకి వచ్చి నిలబడేవాడు. బెల్లం తెచ్చేవాడు కాదు, పిలిచేవాడు కాదు. పువ్వులమ్మేవాళ్ళతో వానల గురించి మాట్లాడేవాడు. గడ్డానికి రంగు వేయడం మానేశాడు. చుక్కి మొదట్లో ఆయన్ను పట్టించుకోలేదు. తర్వాత ఆయన నీడన నిలబడడం మొదలుపెట్టింది.

వానాకాలం వచ్చిన కొత్తలో ఒకరోజు కొలువు ముగిసి ఓబన్న బయటికి వచ్చాడు. వాకిలి ఖాళీగా ఉంది. చూస్తే రాజు తోట దారిన నడిచి పోతున్నాడు. ఆయన వెనకాలే, ఎవరూ పట్టుకోకుండా, తల ఊపుకుంటూ చుక్కి పోతోంది. ఓబన్న కర్ర చప్పుడు చేశాడు. అది వెనక్కి చూడలేదు. దగ్గాడు. అప్పుడూ చూడలేదు.

అతని ముఖం మాడిపోయింది. కుంటుకుంటూ వెంటబడి వాళ్ళను చేరుకుని, "ఇక ఇంటికి పోవాలి ప్రభూ. దాని మేతవేళ అయింది" అన్నాడు.

"ఇప్పుడే మేసింది గదా" అన్నాడు రాజు.

"అయితే నీళ్ళవేళ."

"తాగింది కూడా."

ఓబన్న చుక్కి మెడ మీద చెయ్యి వేసి, కొంచెం తన వైపు లాక్కున్నాడు. రాజు ఆ చేతిని చూశాడు, ఆ ముఖాన్ని చూశాడు. చూసి, తోటలో పక్షులు లేచిపోయేలా నవ్వాడు. నవ్వుతూనే తన మెడలోని ముత్యాల దండ తీసి ఓబన్న మెడలో వేశాడు.

"ఇదెందుకు ప్రభూ? ఇవాళ నేనేమీ చమత్కారం చెప్పలేదే" అన్నాడు ఓబన్న.

"ఇన్నాళ్ళూ నేనొక్కణ్ణే కుళ్ళుకుని చచ్చాను ఓబన్నా. ఇవాళ్టికి నాకో తోడు దొరికాడు" అన్నాడు రాజు.